ఇంటర్నెట్ ఫోన్ లోపల ఏం జరుగుతుంది, ఏమేం కావాలి, ఒకవైపే ఎందుకు వినబడుతుంది (కాస్త పెద్ద సమాధానం)

మీరు అడిగింది ఒక ప్రశ్నలా కనిపిస్తోంది గానీ అందులో మూడు ఉన్నాయి. ఆఫీసులో పాత ల్యాండ్‌లైన్లు తీసేసి ఇంటర్నెట్ ఫోన్లు పెడదాం అనుకుంటున్నారు, అసలు ఇది ఎలా పనిచేస్తుంది అనేది ఒకటి. ఏమేం పరికరాలు, సర్వర్లు కావాలి అనేది రెండోది. ట్రయల్‌కి పెట్టిన రెండు ఫోన్లలో ఒక్కోసారి మన మాట వాళ్లకి వినబడుతోంది గానీ వాళ్ల మాట మనకి రావట్లేదు, నెట్ స్పీడ్ బోలెడు ఉన్నా వాయిస్ తెగుతోంది, ఎందుకు అనేది మూడోది. నేను చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, మొదటిది సరిగ్గా అర్థమైతే మూడోదానికి జవాబు సగం అక్కడే దొరుకుతుంది, అందుకే కొంచెం ఓపిగ్గా చదవండి.

అన్నిటికంటే ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. ఇంటర్నెట్ ఫోన్‌లో ఒక కాల్ అంటే నిజానికి రెండు వేర్వేరు పనులు, రెండు వేర్వేరు దారుల్లో నడుస్తాయి. ఒకటి సిగ్నలింగ్, అంటే ఎవరు ఎవరికి ఫోన్ చేస్తున్నారు, అవతల రింగ్ అవుతోందా, ఎత్తారా, పెట్టేశారా అనే సమాచారం. రెండోది మీడియా, అంటే అసలు మాట. సిగ్నలింగ్ చేసేది పెళ్లి సంబంధం కుదిర్చే మధ్యవర్తి లాంటి పని, ఇద్దరి వివరాలు అటూ ఇటూ చెప్పి కలిపేదాకే, ఆ తర్వాత మాటలు వాళ్లిద్దరే మాట్లాడుకుంటారు. అందుకే రింగ్ వస్తుంది, ఎత్తుతారు, స్క్రీన్ మీద టైం నడుస్తుంది, కానీ మాట మాత్రం వినబడదు. సిగ్నలింగ్ వెళ్లిన దారి బాగుంది, మీడియా వెళ్లాల్సిన దారి మూసుకుపోయింది. పాత ఫోన్‌లో ఇలా ఎక్కువగా చూడం ఎందుకంటే అక్కడ కాల్ మొదలైన దగ్గర్నుంచి పెట్టేసేదాకా ఇద్దరి మధ్యా ఒక సర్క్యూట్‌ని ఎక్స్‌ఛేంజ్‌లు రిజర్వ్ చేసి ఉంచేవి, మీరు మాట్లాడినా ఊరుకున్నా అది మీదే.

ముందు మాట సంగతి చూద్దాం. మీరు మాట్లాడినప్పుడు మైక్ ఆ శబ్దాన్ని కరెంటు సిగ్నల్‌గా మారుస్తుంది, ఫోన్ లోపలి చిప్ దాన్ని సెకనుకి 8000 సార్లు కొలుస్తుంది, ఒక్కో కొలతని 8 బిట్లలో రాస్తుంది, 8000 ఇంటూ 8 అంటే సెకనుకి 64,000 బిట్లు, అదే 64 కేబీపీఎస్. ఇది జీ.711 అనే కోడెక్ (మాటని బిట్లుగా, బిట్లని మళ్లీ మాటగా మార్చే పద్ధతి), 1972 నాటిది, డిజిటల్ ఎక్స్‌ఛేంజ్‌ల కోసం తయారైంది, ఇప్పటికీ ఏ ఫోన్ తీసుకున్నా ఇది ఉంటుంది. ఇందులో రెండు రకాలు, ఉత్తర అమెరికా, జపాన్‌లో మ్యూ-లా, మిగతా చాలా దేశాల్లో ఎ-లా. ఇలా వచ్చిన బిట్లని ఫోన్ ఏకబిగిన పంపదు, 20 మిల్లీసెకన్లకి ఒకసారి ముక్క చేసి ప్యాకెట్‌లో పెడుతుంది, అంటే సెకనుకి 50 ప్యాకెట్లు, ఒక్కో దాంట్లో 160 బైట్ల మాట. దానికి ముందు హెడర్లు, అంటే ఎక్కడికి పోవాలి, వరసలో ఎన్నోది లాంటివి రాసిన చీటీలు, ఆర్‌టీపీ హెడర్ 12 బైట్లు, యూడీపీ హెడర్ 8, ఐపీ హెడర్ 20, మొత్తం 200 బైట్లు. ఇప్పుడు లెక్కేస్తే 80 కేబీపీఎస్ వస్తుంది, ఈథర్‌నెట్ ఫ్రేమ్ కూడా కలిపితే 87 చిల్లర. రెండు వైపులా అంతంత. కాబట్టి ఒకేసారి 10 కాల్స్ నడవాలంటే అప్‌లోడ్‌లో ఒక ఎంబీపీఎస్, డౌన్‌లోడ్‌లో ఒక ఎంబీపీఎస్ ఉంటే చాలు. చాలామంది దీనికి పెద్ద నెట్ కనెక్షన్ కావాలి అనుకుంటారు, అవసరం లేదు, వాయిస్‌కి కావాల్సింది వెడల్పు కాదు, ప్యాకెట్లు టైంకి రావడం.

ఆర్‌టీపీ అన్నాను కదా, అది 1996లో వచ్చిన ప్రోటోకాల్ (పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమాలు), మాటల ప్యాకెట్‌కి ఒక వరస నంబరు, ఒక టైంస్టాంప్ వేస్తుంది. వరస నంబరు వల్ల మధ్యలో ఏది పోయిందో తెలుస్తుంది, టైంస్టాంప్ వల్ల ఏ ముక్క ఏ క్షణంలో వినిపించాలో తెలుస్తుంది. ఇది యూడీపీ మీద నడుస్తుంది, టీసీపీ మీద కాదు (రెండూ ప్యాకెట్లు మోసే పద్ధతులే, యూడీపీ పంపి వదిలేస్తుంది), ఎందుకు అని చాలామంది అడుగుతారు, టీసీపీ అయితే పోయిన ప్యాకెట్‌ని మళ్లీ తెప్పిస్తుంది కదా అని. తెప్పిస్తుంది, కానీ అది వచ్చేదాకా వెనకాల వచ్చినవన్నీ ఆపేస్తుంది. వెబ్ పేజీకి అది మంచిదే, మాటకి కాదు. అర సెకను కిందట అన్న అక్షరం ఇప్పుడు వచ్చి చేసేదేం లేదు, దాన్ని వదిలేసి ముందుకి పోవడమే నయం. ఒకటీ అరా పోయిన 20 మిల్లీసెకన్ల ముక్క స్థానంలో కోడెక్ పక్క ముక్కని బట్టి ఊహించి ఏదో నింపుతుంది, మన చెవి గమనించదు. వరసగా నాలుగైదు పోతే మాత్రం దాని వల్ల కాదు, అప్పుడే రోబో మాట్లాడినట్టు, మాట మింగేసినట్టు వినిపిస్తుంది.

ఇక జిట్టర్, అంటే ప్యాకెట్లు వచ్చే టైంలో ఎగుడుదిగుడు. అవతల నుంచి సరిగ్గా 20 మిల్లీసెకన్లకి ఒకటి చొప్పున బయల్దేరతాయి, దారిలో ఒకటి రౌటర్‌లో ఆగి 35కి వస్తుంది, తర్వాతది 5కే వస్తుంది. వచ్చినవి వచ్చినట్టు స్పీకర్‌కి పంపితే మాట కుదుపుల్లో వస్తుంది. అందుకని ఫోన్‌లో జిట్టర్ బఫర్ అని ఒకటి ఉంటుంది, వచ్చిన ప్యాకెట్లని కాసేపు పట్టుకుని, వరసలో పెట్టి, సమానమైన వేగంతో వదులుతుంది. బఫర్ పెద్దదైతే తెగడం తగ్గుతుంది గానీ ఆలస్యం పెరుగుతుంది, చిన్నదైతే ఆలస్యం తగ్గుతుంది గానీ లేటుగా వచ్చిన ప్యాకెట్లు చెత్తబుట్టకే. ఇప్పటి ఫోన్లు చాలావరకు నెట్‌వర్క్‌ని బట్టి బఫర్‌ని అవే పెంచుకుంటాయి తగ్గించుకుంటాయి, దాన్ని అలాగే వదిలేయమనే నేను చెప్తాను.

ఆలస్యం ఎంతవరకు పర్లేదు అంటే ఐటీయూ (ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ) వాళ్ల జీ.114 అనే సిఫార్సు ఒకటి ఉంది, ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మామూలు సంభాషణకి ఇబ్బంది ఉండదు, 400 దాటకుండా నెట్‌వర్క్‌లు డిజైన్ చేసుకోవాలి అని. 150 దాటి పైకి పోయేకొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడ్డం, ఇద్దరూ ఒకేసారి ఆగడం మొదలవుతుంది. ఫైబర్‌లో కాంతి 1000 కిలోమీటర్లు పోవడానికి సుమారు 5 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే 10,000 కిలోమీటర్ల అవతల ఉన్న మనిషితో మాట్లాడితే దూరానికి 50 పోతాయి, అది ఎవరూ తగ్గించలేరు. దానికి ప్యాకెట్ చేయడానికి 20, బఫర్‌లో 40 నుంచి 60, మధ్యలో రౌటర్లవి కలుపుకోండి. బడ్జెట్ చాలా చిన్నది, వృథా చేయకూడదు.

ఇప్పుడు మీ కంప్లయింట్ ఒకటి తీసుకుందాం, స్పీడ్ టెస్ట్ బ్రహ్మాండంగా ఉంది, వాయిస్ తెగుతోంది. స్పీడ్ టెస్ట్ చెప్పేది లైన్ ఎంత మోయగలదు అని, లైన్ నిండినప్పుడు మీ చిన్న ప్యాకెట్ ఎంతసేపు క్యూలో నిలబడుతుంది అనేది ఆ పెద్ద నంబర్‌లో కనబడదు. ఆఫీసులో ఎవరో పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టారు అనుకోండి, లేదా ఏదో కంప్యూటర్ బ్యాకప్ మొదలుపెట్టింది అనుకోండి. ఒక్కో డేటా ప్యాకెట్ 1500 బైట్లు, అప్‌లోడ్ 1 ఎంబీపీఎస్ అయితే ఒక్కటి బయటికి పోవడానికే 12 మిల్లీసెకన్లు, రౌటర్ క్యూలో అలాంటివి 100 ఉంటే వెనక ఉన్న మీ మాట 1200 మిల్లీసెకన్లు ఆగాలి. లైన్ ఇంకా పెద్దదైతే ఈ లెక్క చిన్నదవుతుంది కానీ చాలా రౌటర్లలో క్యూ కూడా పెద్దగానే ఉంటుంది కాబట్టి సమస్య పూర్తిగా పోదు. దీనికి మందు ఎక్కువ స్పీడ్ ఉన్న ప్లాన్ కాదు. రౌటర్‌లో క్యూఓఎస్ ఆన్ చేసి వాయిస్‌ని ముందు పంపమని చెప్పాలి, ఇంకోటి అప్‌లోడ్‌ని అసలు లైన్ స్పీడ్ కంటే కొంచెం తక్కువకి షేప్ చేయాలి, అప్పుడే క్యూ మీ రౌటర్ చేతిలో ఉంటుంది, లేకపోతే మోడెంలోకి పోయి అక్కడ పేరుకుంటుంది, అక్కడ మీ మాట ఎవరూ వినరు. ఫోన్లు తమ ప్యాకెట్ల మీద డీఎస్‌సీపీ 46 అని ఒక గుర్తు వేస్తాయి, మీ స్విచ్, రౌటర్ దాన్ని చూసి ముందు వదులుతాయి. కానీ ఇంటర్నెట్‌లోకి వెళ్లాక ఆ గుర్తుని పట్టించుకుంటారనే గ్యారంటీ లేదు, మన గడప లోపలి వరకే దాని మీద నమ్మకం పెట్టుకోండి. వైఫై మీద డెస్క్ ఫోన్ పెట్టే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి, కేబుల్ లాగే వీలు ఉన్నచోట కేబులే లాగండి.

సిగ్నలింగ్‌కి వద్దాం. ఇప్పుడు ఆఫీసు ఫోన్లలో దాదాపు అంతా సిప్ అనే ప్రోటోకాల్. 1996లో వచ్చిన హెచ్.323 కొన్నాళ్లు రాజ్యమేలింది, అది టెలిఫోన్ ఇంజినీర్ల ఆలోచనతో పుట్టింది, సిప్ ఇంటర్నెట్ వాళ్ల ఆలోచనతో పుట్టింది, 1999లో మొదటి ప్రమాణం, 2002లో ఇప్పుడు వాడే రూపం. సిప్ మెసేజ్‌లు మామూలు టెక్స్ట్, చదివితే అర్థమవుతాయి, నా దృష్టిలో అది గెలవడానికి ఇదొక పెద్ద కారణం, తప్పు ఎక్కడుందో కళ్లతో చూడొచ్చు.

ఫోన్ ఆన్ అవ్వగానే చేసే మొదటి పని రిజిస్టర్. నేను ఫలానా ఎక్స్‌టెన్షన్‌ని, ప్రస్తుతం ఈ ఐపీ అడ్రస్‌లో ఉన్నాను అని సర్వర్‌కి చెప్తుంది. సర్వర్ వెంటనే ఒప్పుకోదు, 401 అని తిప్పి పంపుతూ ఒక యాదృచ్ఛిక సంఖ్య ఇస్తుంది, ఫోన్ దాన్నీ పాస్‌వర్డ్‌నీ కలిపి హాష్ చేసి (వెనక్కి తిప్పలేని సంకేతంగా మార్చి) మళ్లీ పంపుతుంది, అప్పుడు 200 ఓకే. అంటే పాస్‌వర్డ్ నేరుగా లైన్ మీద పోదు. కాబట్టి లాగ్‌లో మొదట 401 కనిపిస్తే కంగారుపడకండి, అది మామూలే, అది మళ్లీ మళ్లీ వస్తుంటేనే పాస్‌వర్డ్ తేడా. ఈ రిజిస్ట్రేషన్‌కి గడువు ఉంటుంది, అది అయిపోకముందే ఫోన్ మళ్లీ చెప్పుకోవాలి. ఈ ఏర్పాటు వల్లే మీ ఎక్స్‌టెన్షన్ ఏ ఊళ్లో ఉన్నా, ఇంట్లో ఉన్నా ఆఫీసులో ఉన్నా మోగుతుంది, నంబరు తీగకి కట్టేసి లేదు.

కాల్ చేసినప్పుడు మీ ఫోన్ ఇన్వైట్ అనే మెసేజ్ పంపుతుంది, సర్వర్ 100 ట్రైయింగ్ అంటుంది, అవతల ఫోన్ మోగడం మొదలైతే 180 రింగింగ్ వస్తుంది, ఎత్తితే 200 ఓకే, మీ ఫోన్ దానికి అందింది అని ఆక్ పంపుతుంది, పెట్టేసినప్పుడు బై. బిజీ అయితే 486, నంబరు లేకపోతే 404. చాలాసార్లు మీకు వినబడే రింగ్ అవతల నుంచి వచ్చే శబ్దం కాదు, 180 చూసి మీ ఫోనే దాన్ని వాయిస్తుంది. అదే 183 వస్తే నిజంగానే అవతల నెట్‌వర్క్ నుంచి ఆడియో వస్తోంది అని, కాలర్ ట్యూన్లూ, మీరు డయల్ చేసిన నంబరు అందుబాటులో లేదు లాంటి అనౌన్స్‌మెంట్లూ అలా వస్తాయి.

అసలు కీలకం ఇన్వైట్ లోపల ఉంటుంది. అందులో ఎస్‌డీపీ అనే చిన్న భాగం ఉంటుంది, నా దగ్గర ఈ ఈ కోడెక్‌లు ఉన్నాయి, నాకు మాటలు ఈ ఐపీ అడ్రస్‌కి ఈ పోర్ట్‌కి (ఆ అడ్రస్‌లో తలుపు నంబరు లాంటిది) పంపు అని రాసి ఉంటుంది. 200 ఓకేలో అవతలి వాళ్లు తమ అడ్రస్, పోర్ట్ రాస్తారు. ఇద్దరికీ కుదిరిన కోడెక్ ఒకటి ఎంచుకుని ఆర్‌టీపీ మొదలు. మీ ఒకవైపు వినబడే రోగం పుట్టేది సరిగ్గా ఇక్కడే.

మీ ఫోన్ ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో ఉంది, దానికి తెలిసిన తన అడ్రస్ 192.168 తో మొదలయ్యేదేదో. అదే ఎస్‌డీపీలో రాసి పంపింది. బయట ఉన్న సర్వర్ ఆ అడ్రస్‌కి మాటలు పంపితే ఎక్కడికి పోతాయి, ఎక్కడికీ పోవు, ఎందుకంటే అది మీ ఆఫీసు గోడల మధ్యే చెల్లే అడ్రస్. మీ ఫోన్ నుంచి బయటికి వెళ్లే మాటలకి ఇబ్బంది లేదు, సర్వర్ అడ్రస్ పబ్లిక్‌ది కదా, నాట్ చేసే, అంటే లోపలి అడ్రస్‌ని బయటి అడ్రస్‌గా మార్చే రౌటర్ గుండా హాయిగా వెళ్తాయి. ఫలితం, వాళ్లకి మీరు వినబడతారు, మీకు వాళ్లు వినబడరు. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే.

దీనికి దారులు కొన్ని ఉన్నాయి. స్టన్ అనే సర్వర్‌ని ఫోన్ అడిగి, బయటికి నేను ఏ అడ్రస్‌తో కనబడుతున్నాను అని తెలుసుకుని అదే రాస్తుంది. రౌటర్ మరీ కఠినంగా ఉండి అది కూడా పనిచేయకపోతే టర్న్ సర్వర్, అది మధ్యలో నిలబడి మాటలని రిలే చేస్తుంది. ఈ రెండిటినీ కలిపి అన్ని దారులూ ప్రయత్నించి పనిచేసేది ఎంచుకునే పద్ధతి ఐస్. బ్రౌజర్‌లోంచి మాట్లాడే వెబ్‌ఆర్‌టీసీలో ఈ ఐస్ తప్పనిసరి. ఆఫీసు ఫోన్ సర్వీసుల్లో ఎక్కువగా చేసేది ఇంకోటి, ప్రొవైడర్ వైపు సర్వరే ఎస్‌డీపీలో రాసినదాన్ని నమ్మకుండా, మీ నుంచి ఆర్‌టీపీ నిజంగా ఏ అడ్రస్ నుంచి వస్తోందో చూసి అక్కడికే తిరిగి పంపుతుంది. ఇది బాగా పనిచేస్తుంది. దీన్ని చెడగొట్టేది ఎక్కువసార్లు మీ రౌటర్‌లో ఉన్న సిప్ ఏఎల్‌జీ అనే ఆప్షన్. సిప్‌కి సాయం చేద్దామని మెసేజ్‌లో అడ్రస్‌లు తనే మార్చేస్తుంది, సగం మార్చి సగం వదిలేస్తుంది. మీరు ఇంకేం చేసినా చేయకపోయినా ముందు వెళ్లి అది ఆఫ్ చేయండి, రౌటర్ రీస్టార్ట్ చేయండి, మళ్లీ కాల్ చేసి చూడండి. మీ సమస్య అక్కడితో పోయే అవకాశం చాలా ఉంది.

నాట్ వల్ల వచ్చే ఇంకో రెండు లక్షణాలు కూడా చెప్తాను, ముందు ముందు పనికొస్తాయి. కాల్స్ చేయగలుగుతున్నాం గానీ బయట నుంచి వచ్చేవి మోగట్లేదు, ఫోన్ రీస్టార్ట్ చేస్తే కాసేపు మోగి మళ్లీ ఆగిపోతోంది అంటే రౌటర్ ఆ యూడీపీ దారిని వాడకం లేదని మూసేస్తోంది అని అర్థం. ఫోన్ సెట్టింగ్స్‌లో కీప్‌అలైవ్ పెట్టండి, 20, 30 సెకన్లకి ఒకసారి చిన్న ప్యాకెట్ పంపితే దారి తెరిచే ఉంటుంది. ఇంకోటి, కాల్ ప్రతిసారీ సుమారు 32 సెకన్లకి కట్ అవుతోంది అంటే నెట్ పోయిందని అనుకోకండి. ఎత్తిన వైపు 200 ఓకే పంపి ఆక్ కోసం చూస్తుంది, అది రాకపోతే మళ్లీ మళ్లీ పంపుతుంది, 32 సెకన్లు చూసి పెట్టేస్తుంది, సిప్ ప్రమాణంలోనే ఆ గడువు ఉంది. అంటే ఆక్ దారి తప్పుతోంది, మళ్లీ అడ్రస్ సమస్యే. అలాగే సరిగ్గా 15 నిమిషాలకో 30 నిమిషాలకో కట్ అయితే సెషన్ టైమర్ (కాల్ ఇంకా నడుస్తోందా అని సరిచూసే గడువు) వైపు చూడండి. టైం ఒకే అంకె దగ్గర ఆగుతోందంటే అది టైమర్, రకరకాలుగా ఆగుతుంటే నెట్‌వర్క్, ఈ ఒక్క తేడా గమనిస్తే గంటల పని తగ్గుతుంది.

ఇంకో మాట, తప్పు ఎటువైపు ఉందో తెలుసుకునే పద్ధతి. మీకు అవతలి మాట తెగి వినబడితే చూడాల్సింది అటు నుంచి ఇటు వచ్చే దారి, అంటే వాళ్ల అప్‌లోడ్ లేదా మీ డౌన్‌లోడ్. మీ మాట మీకే ఎకోలా తిరిగి వినబడితే మాత్రం చాలావరకు లోపం అవతలి చివర ఉంటుంది, వాళ్ల స్పీకర్ శబ్దం వాళ్ల మైక్‌లోకి పోవడమో, లేకపోతే అక్కడి అనలాగ్ లైన్‌లో రెండు తీగల నుంచి నాలుగు తీగలకి మార్చే చోట సిగ్నల్ వెనక్కి కొట్టడమో. ఎకో వినబడిన మనిషి తన ఫోన్ మార్చుకుంటూ కూర్చుంటాడు, తేడా అక్కడ ఉండదు.

ఇప్పుడు సామాను. డెస్క్ మీద ఐపీ ఫోన్, లేకపోతే కంప్యూటర్‌లోనో మొబైల్‌లోనో సాఫ్ట్‌ఫోన్ యాప్. పాత ఫోన్లు పారేయడం ఇష్టం లేకపోతే ఏటీఏ అనే చిన్న డబ్బా ఉంటుంది, దాంట్లో ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్ట్‌కి పాత ఫోన్ తగిలించొచ్చు. ఎఫ్‌ఎక్స్‌ఓ అని ఇంకో పోర్ట్ ఉంటుంది, అది ఎక్స్‌ఛేంజ్ నుంచి వచ్చే లైన్‌కి. ఈ రెండూ తారుమారు చేసి కొనేవాళ్లు ఎక్కువ, ఫోన్‌కి కరెంటు, రింగ్ ఇచ్చేది ఎఫ్‌ఎక్స్‌ఎస్ అని గుర్తుపెట్టుకోండి. డెస్క్ ఫోన్లు ఎక్కువ ఉంటే పీఓఈ స్విచ్ తీసుకోండి, నెట్ కేబుల్‌లోనే కరెంటు వెళ్తుంది, ప్రతి టేబుల్ దగ్గర అడాప్టర్ గోల ఉండదు, ఒక్క స్విచ్‌కి యూపీఎస్ పెడితే అన్ని ఫోన్లకీ పెట్టినట్టే. వాయిస్‌కి వేరే వీల్యాన్ (అదే స్విచ్‌లో విడిగా చేసిన నెట్‌వర్క్) చేసుకుంటే ఇంకా శుభ్రం.

మధ్యలో ఉండేది పీబీఎక్స్, అంటే ఆఫీసు సొంత ఎక్స్‌ఛేంజ్. ఎక్స్‌టెన్షన్లు, ట్రాన్స్‌ఫర్, వాయిస్ మెయిల్, ఒకటి నొక్కండి రెండు నొక్కండి అనే మెనూ, కాల్ క్యూ, రికార్డింగ్ అన్నీ దాని పనే. దీన్ని ఒకప్పుడు పెద్ద బీరువా అంత పెట్టెగా అమ్మేవాళ్లు, 1999లో మార్క్ స్పెన్సర్ ఆస్టరిస్క్ మొదలుపెట్టాక మామూలు లినక్స్ కంప్యూటర్ ఒకటి ఉంటే పీబీఎక్స్ తయారు చేసుకోవచ్చు అనే పరిస్థితి వచ్చింది. తర్వాత ఫ్రీస్విచ్ వచ్చింది. చిన్న ఆఫీసుకి, లినక్స్ చూసుకునే మనిషి లేకపోతే, సొంతంగా పెట్టుకోవద్దు, క్లౌడ్‌లో ప్రొవైడరే నడిపేది తీసుకోండి అనే నా సలహా. పీబీఎక్స్ పెట్టడం కష్టం కాదు, దాన్ని రోజూ భద్రంగా ఉంచడమే కష్టం.

పీబీఎక్స్ నుంచి బయటి ప్రపంచానికి వెళ్లే దారి సిప్ ట్రంక్, ప్రొవైడర్ దగ్గర తీసుకుంటారు, దానితోపాటు బయటివాళ్లు మీకు డయల్ చేయడానికి డీఐడీ నంబర్లు ఇస్తారు. మామూలు ఫోన్ నెట్‌వర్క్‌లో ఉన్న మనిషికి కాల్ వెళ్లాలంటే ఎక్కడో ఒకచోట గేట్‌వే ఉండాలి, ఇటు ఐపీ ప్యాకెట్లు అటు టెలిఫోన్ సర్క్యూట్లు, మధ్యలో అది మారుస్తుంది, ప్రొవైడర్ దగ్గరే ఉంటుంది, మీరు కొనక్కర్లేదు. రెండు నెట్‌వర్క్‌లు కలిసే సరిహద్దులో ఎస్‌బీసీ ఉంటుంది, సెషన్ బోర్డర్ కంట్రోలర్. లోపలి అడ్రస్‌లు బయటికి కనబడకుండా దాచడం, నాట్ సంగతి చూడడం, దాడులు ఆపడం, కోడెక్ కుదరకపోతే మార్చడం దీని పనులు. పెద్ద సంస్థ అయితే మీ వైపు కూడా ఒకటి ఉండాలి, చిన్నవాళ్లకి ప్రొవైడర్‌ది సరిపోతుంది.

ఇక కోడెక్ ఏది పెట్టాలి అనే సంగతి. జీ.729 మాటని 8 కేబీపీఎస్‌కి కుదిస్తుంది, వినడానికి గొప్పగా ఉంటుంది, జీ.711లో ఎనిమిదో వంతు కదా అని. కానీ 20 మిల్లీసెకన్లకి 20 బైట్ల మాట, దాని మీద 40 బైట్ల హెడర్లు, అంటే లైన్ మీద 24 కేబీపీఎస్ పోతుంది, మాట కంటే హెడర్లే రెట్టింపు. ఆదా ఉంది కానీ అనుకున్నంత లేదు, పైగా మాట నాణ్యత కొంచెం తగ్గుతుంది. మంచి నెట్ ఉంటే ట్రంక్ మీద జీ.711 ఉంచండి. లోపల ఎక్స్‌టెన్షన్ల మధ్య జీ.722 పెట్టండి, అదే 64 కేబీపీఎస్‌లో 7000 హెర్ట్జ్ దాకా శబ్దం వస్తుంది, పాత ఫోన్‌లో 3400 దగ్గరే ఆగిపోతుంది, ఆ తేడా మొదటి కాల్‌లోనే తెలుస్తుంది, మనిషి పక్కనే ఉన్నట్టు ఉంటుంది. మొబైల్ నెట్ మీద సాఫ్ట్‌ఫోన్ వాడేవాళ్లకి ఓపస్, 2012లో ప్రమాణం అయింది, 6 నుంచి 510 కేబీపీఎస్ దాకా నెట్‌ని బట్టి సర్దుకుంటుంది. మధ్యలో కోడెక్ ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చాల్సిన పరిస్థితి మాత్రం వీలైనంత తప్పించండి, సర్వర్‌కి భారం, నాణ్యతకి నష్టం.

కాల్ సెంటర్‌కి ఫోన్ చేసి 1 నొక్కితే పట్టట్లేదు అనే సమస్య వస్తే డీటీఎంఎఫ్ (అంకె నొక్కితే వచ్చే బీప్) సెట్టింగ్ చూడండి. ఆ బీప్ శబ్దం జీ.729లో కుదించేటప్పుడు పాడైపోతుంది, అందుకని శబ్దంగా కాకుండా ఆర్‌టీపీలోనే ప్రత్యేక ప్యాకెట్‌గా పంపే పద్ధతి ఉంది, ఫోన్ మెనూల్లో ఆర్‌ఎఫ్‌సీ 2833 అని కనబడుతుంది, అది పెట్టండి, అన్ని చోట్లా అదే ఉంచండి. ఫ్యాక్స్ ఇంకా వాడుతుంటే టీ.38 (ఫ్యాక్స్‌ని ఐపీ మీద పంపే పద్ధతి) సపోర్ట్ ఉందా అని ప్రొవైడర్‌ని ముందే అడగండి, లేకపోతే దాన్ని ఈ సిస్టంలోకి తేవద్దు, మనిషి చెవి క్షమించే చిన్న చిన్న లోపాలని ఫ్యాక్స్ మోడెం క్షమించదు.

సెక్యూరిటీ గురించి మీరు అడగలేదు, కానీ ఇది చెప్పకుండా వదిలితే నాకు నిద్ర పట్టదు. పబ్లిక్ ఐపీ మీద సిప్ వాడే 5060 పోర్ట్ తెరిచి పెట్టిన ఏ సర్వర్‌నైనా వెతికి పట్టుకునే బాట్‌లు ఇంటర్నెట్‌లో రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. ఎక్స్‌టెన్షన్ 100, పాస్‌వర్డ్ కూడా 100 అని పెట్టినది దొరికితే మీ లైన్ మీద విదేశాల్లోని ఖరీదైన నంబర్లకి కాల్స్ మొదలవుతాయి, ఎక్కువగా ఎవరూ చూడని రాత్రుళ్లు, సెలవు రోజులు ఎంచుకుంటారు, బిల్లు చేతికి వచ్చేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది. కాబట్టి పొడవైన రాండమ్ పాస్‌వర్డ్‌లు, అవసరం లేని దేశాలకి కాల్స్ బ్లాక్, ప్రొవైడర్ దగ్గర రోజువారీ ఖర్చు పరిమితి, తప్పుడు లాగిన్లు చేసే ఐపీలని ఆపే ఫెయిల్‌టుబ్యాన్ లాంటిది, ఇవి మొదటి రోజే పెట్టాలి, తర్వాత చూద్దాం అనుకోవద్దు. మాటలు మధ్యలో ఎవరూ వినకూడదు అంటే సిగ్నలింగ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే టీఎల్‌ఎస్, మీడియాని ఎన్‌క్రిప్ట్ చేసే ఎస్‌ఆర్‌టీపీ, రెండూ కావాలి. చాలా సెటప్‌లలో ఎస్‌ఆర్‌టీపీ తాళం చెవి ఎస్‌డీపీలోనే వెళ్తుంది, అంటే సిగ్నలింగ్‌ని టెక్స్ట్‌గా వదిలేసి మీడియాని మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేస్తే తాళం వేసి చెవి తలుపుకే తగిలించినట్టు.

ల్యాండ్‌లైన్లు పూర్తిగా పీకేసే ముందు ఇంకొక్కటి ఆలోచించండి. పాత ఫోన్‌కి ఎక్స్‌ఛేంజ్‌లోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు తీగలోనే వచ్చేది, అందుకే ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఇక్కడ ఫోన్, స్విచ్, రౌటర్, మోడెం నాలుగింటిలో ఏది ఆగినా ఫోన్ లేనట్టే, యూపీఎస్ ఈ నాలుగింటికీ ఉండాలి, ఫోన్‌కి పెట్టి మోడెంని మర్చిపోతారు చాలామంది. ఎమర్జెన్సీ నంబర్ల సంగతి ఇంకా ముఖ్యం. పాత లైన్ ఒక చిరునామాకి కట్టి ఉండేది, ఇక్కడ ఫోన్ ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు కాబట్టి అంబులెన్స్‌కి కాల్ చేసినప్పుడు మీరు ఎక్కడున్నారో సిస్టంకి తనంతట తెలియకపోవచ్చు, తప్పుడు ఊరికి కూడా వెళ్లొచ్చు. మీ ప్రొవైడర్ ఎమర్జెన్సీ కాల్స్ పంపుతాడా లేదా, చిరునామా ఎలా నమోదు చేయాలి, ఎక్స్‌టెన్షన్ చోటు మారితే ఎవరు మార్చాలి, ఈ మూడూ రాతపూర్వకంగా తీసుకోండి, ఆ జవాబు వచ్చేదాకా ఒక పాత లైన్ ఉంచుకోండి.

ఏఎల్‌జీ ఆఫ్ చేశాక కూడా మాట రాకపోతే ఫోన్ ఉన్న స్విచ్ పోర్ట్‌ని మిర్రర్ చేసి (దాని ప్యాకెట్ల కాపీ మీ కంప్యూటర్‌కి వచ్చేలా పెట్టి) వైర్‌షార్క్ అనే ప్యాకెట్లు చూసే ప్రోగ్రాంలో ఒక కాల్ క్యాప్చర్ చేయండి, ఇన్వైట్‌లోనూ 200 ఓకేలోనూ ఎస్‌డీపీలో ఉన్న ఐపీ అడ్రస్, పోర్ట్ చూడండి, ఆర్‌టీపీ రెండు వైపులా నడుస్తోందా ఒకవైపేనా చూడండి. పాస్‌వర్డ్ హాష్‌లు, పబ్లిక్ ఐపీలు, ఫోన్ నంబర్లు చెరిపేసి ఆ రెండు మెసేజ్‌లు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.